పట్టపురాణి మీద అభాండం

ఆ రోజుకి అల్లుడు వేసుకున్న పథకంలో గొర్రె లేదు. లేవగానే ప్లేటు కడగడం ఉంది, దానికి పాలపూత వేయడం ఉంది, పదింటికి రాబోయే డాక్టరమ్మకి నవ్వు మొహంతో తలుపు తీయడం ఉంది, సాయంత్రానికల్లా ఆవిడ చేత "మీ కిట్లు మా ఆసుపత్రికి కావాలి" అనిపించుకోవడం ఉంది. పళ్ళు తోముకుంటూ మేడమీది కిటికీలోంచి తొంగి చూసేసరికి, కింద పెరట్లో, ల్యాబు గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, శుభ్రంగా స్నానం చేసి మెడలో నీలం రిబ్బను కట్టుకుని ఒక గొర్రె నిలబడి ఉంది. దాని పక్కన దువ్వెన పట్టుకుని మామగారు నిలబడి ఉన్నారు.

అల్లుడు నోట్లో నురగతోనే కిందికి పరుగెత్తాడు.

"ఏంటి మామయ్యగారూ ఇది?"

"డాక్టరమ్మ చూడద్దూ? సరుకు చూపించి, సరుకు ఇచ్చినవాళ్ళని దాచేస్తామా బాబూ?"

"గొర్రెని చూసి కిట్లు ఎవరు కొంటారండీ?"

"గొర్రె గొర్రె అనకండి. పేరుంది దానికి."

పేరు పట్టపురాణి. ఆ ల్యాబు మొత్తం దాని నాలుగు కాళ్ళ మీదే నిలబడి ఉందని మామగారి నమ్మకం. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. మామగారు రిటైరైన పశువుల డాక్టరు. అల్లుడు రక్తపరీక్షల కిట్లు తయారుచేసే శాస్త్రవేత్త. ఇంటి కింది భాగంలోని రెండు గదులే ల్యాబు. మనిషి మెడలోని థైరాయిడ్ గ్రంథి నుంచి బయలుదేరిన హార్మోను రక్తంలో ఒంటరిగా తిరగదు. ఒక ప్రోటీను దాన్ని చంకనేసుకుని ఒళ్ళంతా తిప్పుతుంది. అందుకే అత్తగారు ఆ ప్రోటీనుకి 'ఆయా' అని పేరు పెట్టారు. రక్తంలో ఆయాలు ఎక్కువైనా తక్కువైనా థైరాయిడ్ పరీక్షలు చూసే డాక్టర్లు తికమకపడతారు కాబట్టి ఆయాలను లెక్కపెట్టే పరీక్ష ఒకటి కావాలి. అల్లుడు చేస్తున్నది అదే.

ఆయాని పట్టుకోవాలంటే యాంటీబాడీలు కావాలి. మామగారు ఆ ప్రోటీనుని కొంచెం కొంచెంగా పట్టపురాణికి సూదితో ఎక్కించారు. పట్టపురాణి ఒళ్ళు దాన్ని శత్రువనుకుని, అది కనబడితే చాలు గట్టిగా పట్టేసే యాంటీబాడీలను తయారుచేసింది. అప్పుడప్పుడు మెడ దగ్గర కాస్త రక్తం తీస్తే అందులోనే ఉంటాయి. అల్లుడు వాటిని శుభ్రం చేసి సీసాల్లో పోస్తాడు. ఆయాని అడుగున ఆపడానికి కొన్న ఎలుక యాంటీబాడీ ముందే అంటించిన, చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో రోగి రక్తపు సీరం పోసి, పైన పట్టపురాణి యాంటీబాడీ పోసి, ఆ పైన గొర్రె యాంటీబాడీ ఎక్కడున్నా వెతికి పట్టుకునే రంగు యాంటీబాడీ ఒకటి పోస్తాడు. ఆయా ఉన్న గుంటకి రంగు వస్తుంది. లేని గుంట నీళ్ళలా ఉండిపోతుంది.

ఉండిపోవాలి. ఆరు నెలలుగా అదే ఉండిపోవడం లేదు. ఒట్టి నీళ్ళు పోసిన గుంటకి కూడా లేత పసుపు రంగు వస్తోంది. నీళ్ళకి థైరాయిడ్ ఉండదని డాక్టర్లందరికీ తెలుసు కాబట్టి ఆ కిట్టుని కొనేవాళ్ళు లేరు. అల్లుడు ప్లేట్లు మార్చాడు, నీళ్ళు మార్చాడు, కళ్ళజోడు కూడా మార్చాడు. చివరికి నేరం పట్టపురాణి మీద మోపాడు. దాని యాంటీబాడీకి విచక్షణ లేదని, అడ్డమైన చోటల్లా అతుక్కుంటోందని తేల్చేశాడు. అది మామగారి వైపు నుంచి వచ్చింది కావడం వల్లే అలా తేల్చాడని మామగారు అనుమానించారు. ఈ అనుమానం కూడా పూర్తిగా తప్పు కాదు.

"నా గొర్రె అబద్ధం ఆడదు" అని మామగారు.

"మరి నీళ్ళలో లేనిది ఉన్నట్టు ఎలా చూపిస్తోందండీ?" అని అల్లుడు.

"అది మీరు చూసుకోవాలి. దాని పని అది చేసింది." ఈ సంభాషణ రోజూ భోజనాల దగ్గర ఒకసారి జరిగేది. కొన్ని రోజులు టిఫిన్ల దగ్గర కూడా.

ఇదిలా ఉండగా, ఏడాదిలోపు ఒక్క ఆసుపత్రి కూడా కొనకపోతే ల్యాబు మూసేసి బావమరిది టైర్ల దుకాణంలో చేరతానని అల్లుడు ఒకసారి ఆవేశంలో అనేశాడు. ఆవేశంలో అన్న మాటలు బావమరిది బాగా గుర్తుపెట్టుకుంటాడు. ఏడాది ఈ వారంతో పూర్తవుతుంది. ముదురు నీలం రంగు కోటొకటి ముందే కుట్టించి పంపాడు. వీపు మీద తెల్లటి టైరు బొమ్మ ఉంది. "కొలత సరిపోకపోతే చెప్పు బావా, ఇంకా టైముంది" అని ఫోను కూడా చేశాడు. ఆ కోటు ల్యాబులో తలుపు వెనక, తెల్లకోటు పక్కనే వేలాడుతోంది. అల్లుడికి టైర్ల మీద కోపమేమీ లేదు. కానీ ఆ కోటు వేసుకున్న రోజున తనలో ఏదో ఒకటి మళ్ళీ గాలి కొట్టడానికి వీల్లేకుండా పోతుందని మాత్రం అతనికి ఖాయంగా తెలుసు. ఇక మిగిలిన ఆశంతా ఈ డాక్టరమ్మే. నాలుగు ఆసుపత్రుల ల్యాబులకి ఆవిడే పెద్ద.

పెరట్లో మామా అల్లుళ్ళ వాదన సాగుతుండగా మేడ మీద వంటింట్లో పాలు విరిగిపోయాయి.

అత్తగారు గిన్నెలోకి చూసి ఉసూరుమన్నారు. ఆసుపత్రి నుంచి మనుషులొస్తున్నారు. వచ్చేది ఒక్క మనిషేనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పెద్ద ఆసుపత్రి కాబట్టి కనీసం అరడజను మందైనా ఉంటారని ఆవిడే లెక్కేసుకున్నారు. పాల దుకాణం పదకొండింటికి గానీ తీయరు. టీ ఇవ్వకుండా పంపితే ఈ ఇంటి పరువేం కావాలి? ఆవిడకి ల్యాబు అల్మారాలోని పాలపొడి డబ్బా గుర్తొచ్చింది.

ఆ డబ్బా మీద అల్లుడు ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలతో రాసి ఉంచాడు: 'ప్రయోగానికి మాత్రమే. టీకి వాడరాదు.' పాలపొడి ప్రయోగానికి ఎందుకంటే, ప్లేటు గుంటల్లో ఖాళీ జాగా మిగిలితే యాంటీబాడీలు అక్కడ ఊరికే అతుక్కుంటాయి. ముందే పాలపొడి కలిపిన నీళ్ళు పోస్తే ఆ ఖాళీ నిండిపోతుంది. అల్లుడికి ఈ కిటుకు చదువుకునే రోజుల్లో వాళ్ళ మాస్టారు నేర్పారు. మాస్టారి మాటంటే అతనికి శిలాశాసనం.

అత్తగారు చప్పుడు కాకుండా కిందికి దిగి, పొడి మొత్తం తన డబ్బాలోకి ఒంపుకున్నారు. ఖాళీ డబ్బా చూస్తే అల్లుడు నొచ్చుకుంటాడని, దుకాణం తీశాక కొత్తది కొని పోసేద్దామని, అంతదాకా కళ్ళకి ఆనడానికి అందులో అదే మట్టం దాకా మైదాపిండి పోశారు. పైన తట్టి సమం కూడా చేశారు. ఆవిడ ఏ పనైనా నీటుగా చేస్తారు.

ఆ తర్వాత కాసేపటికి అల్లుడి భార్య ల్యాబులోకి వచ్చింది. ఆమె కూడా అదే చదువు చదివింది. ల్యాబులో సగం పని ఆమెదే. ఆ పూట ఆమెకి జలుబు. చేతిలో ఏముందో వాసన పట్టే స్థితిలో లేదు. డబ్బాలోంచి పొడి తూచి, గోరువెచ్చటి నీళ్ళలో వేసి తిప్పింది. అది కరగలేదు. ఇంకా తిప్పింది. అది సాగడం మొదలుపెట్టింది. చివరికి గరిట నిలువుగా నిలబడిపోయింది.

ఆమె డబ్బా మూత తిప్పి చూసింది. నిన్న సాయంత్రం ఆ డబ్బా మూత సరిగ్గా పెట్టానో లేదోనని రాత్రంతా అనుకుంటూనే ఉంది. పెట్టలేదన్నమాట. తేమ చేరి పొడి పాడైపోయిందన్నమాట. ఇలాంటి రోజున ఈ సంగతి మొగుడికి చెబితే అతను అక్కడే కూలబడిపోతాడు. ఆ ముద్దని వెనక గుమ్మం బయటున్న బకెట్లో పారేసి, ఆమె మేడమీదికి పరుగెత్తింది.

ఖాళీ నింపడానికి పాలే కావాలని ఏముంది? పనికి అడ్డం రాని ప్రోటీను ఏదైనా చాలు. గుడ్డు తెల్లసొన వాడతారని ఆమె ఎక్కడో చదివింది.

"ఏం కావాలే?" అన్నారు అత్తగారు స్టవ్వు వైపే చూస్తూ.

"రెండు గుడ్లు" అంది కూతురు ఫ్రిజ్ వైపే చూస్తూ.

"తీసుకో."

మామూలు రోజుల్లో అయితే ఎందుకు, ఏమిటి, ఎవరికి అని పది ప్రశ్నలు వచ్చేవి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. అమ్మ ఎందుకు అడగలేదని కూతురికీ అనిపించలేదు. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎవరి తప్పు వాళ్ళు చంకలో పెట్టుకుని ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

తెల్లసొనని ఉప్పునీళ్ళలో గిలకొట్టి, వడకట్టి, గుంటల్లో పోసి, పైన రేకు అంటించేసరికి అల్లుడు లోపలికి వచ్చాడు.

"పోశావా?"

"పోశాను" అంది భార్య. ఏం పోశావని అతను అడగలేదు. పాలు కాక ఇంకేం పోస్తారు?

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి మామగారి కేక వినబడింది. ఆయన ముప్పై ఏళ్ళు పశువుల డాక్టరుగా చేసినా ఎన్నడూ అలా కేక వేసి ఎరగరు.

"అల్లుడుగారూ! పట్టపురాణి నురగలు కక్కుతోంది!"

పట్టపురాణి తాడు బకెట్టు దాకా అందింది. బకెట్లోది దానికి నచ్చింది. మూతి చుట్టూ తెల్లటి ముద్ద, గడ్డం కింద ధారలు, నీలం రిబ్బను మీద చుక్కలు. నాలుక బయటపెట్టి మూతి నాకుతూ అది చాలా తృప్తిగా చూస్తోంది. కానీ మనిషికి తన బిడ్డ దగ్గర చదువు గుర్తుకు రాదు. మామగారు దాని కళ్ళు లాగి చూశారు, చెవులు పట్టి చూశారు, పొట్ట మీద చెవి పెట్టి విన్నారు.

"విషం తిన్నట్టుంది. పట్టుకోండి, పట్టుకోండి! మూతి తుడవండి ముందు!"

"దేంతో తుడవను?"

"ఏదో ఒకటి!"

అల్లుడు లోపలికి పోయి చేతికందిన కోటు లాక్కొచ్చాడు. అది టైరు బొమ్మ ఉన్న కోటు కావడం కేవలం అదృష్టం. మామగారు గొర్రె తలని చంకలో ఇరికించుకున్నారు. అల్లుడు ముందు కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కోటు కొనతో దాని పళ్ళూ చిగుళ్ళూ రుద్దసాగాడు. ఎంత రుద్దితే అంత జిగురు వస్తోంది. ఇద్దరూ తలలు ఎత్తి చూసేసరికి గేటు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉన్నారు. చేతిలో చిన్న చల్లపెట్టె ఉంది.

"పదింటికి రమ్మన్నారు" అన్నారు డాక్టరమ్మ. "ఏం చేస్తున్నారు?"

గొర్రెకి జబ్బు చేసిందని తెలిస్తే దాని యాంటీబాడీని ఎవరు ముట్టుకుంటారు? మామగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పళ్ళు తోముతున్నామండీ."

"గొర్రెకి పైన ముందుపళ్ళు ఉండవనుకుంటానే?"

"అందుకేనండీ, తొందరగా అయిపోతుంది."

డాక్టరమ్మ ల్యాబులోకి నడిచారు. ఆవిడ నవ్వారో, విసుక్కున్నారో అల్లుడికి అర్థం కాలేదు. చేతులు కడుక్కుంటూ, మొదటి నిమిషంలోనే పరువు పోయిందని, ఇక పరీక్ష ఒక్కటే తనని కాపాడాలని అనుకున్నాడు.

అత్తగారు టీ తెచ్చారు. పళ్ళెంలో ఏడు కప్పులున్నాయి. కుర్చీలో ఒక్కరే ఉండటం చూసి ఆవిడ మొహం చిన్నబోయింది. డాక్టరమ్మ ఒక గుక్క తాగి, కప్పు దించి చూసి, మళ్ళీ తాగారు.

"టీ చాలా బాగుందండీ. ఏం పాలు పోశారు?"

"పొడిపాలేనండీ" అన్నారు అత్తగారు పొంగిపోయి. "చిక్కగా కలిపితే అలా ఉంటుంది."

అల్లుడి చేతిలో కప్పు ఆగిపోయింది. ఇంట్లో పొడిపాలు వాడరు. ఈ ఇంటి మొత్తం మీద పొడిపాలు ఉండేది ఒక్క చోటే. అతను నెమ్మదిగా లేచి అత్తగారి వెనకే మెట్లెక్కి వంటింట్లోకి వెళ్ళాడు.

"అత్తయ్యగారూ, ఆ పొడి ఎక్కడిది?"

ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకున్నారు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నారు.

"మీదే బాబూ. పాలు విరిగిపోయాయి. దుకాణం తీయగానే తెచ్చి పోసేద్దామని..."

"మరి డబ్బాలో నిండా ఉందే? పొద్దున చూశాను."

"అది మైదా. మంచిదే. జల్లించి మరీ పోశాను."

అల్లుడు మెట్ల వైపు చూశాడు. ప్లేటులో ప్రతి గుంటలోనూ మైదా ఉంది. పాలపూత ఉన్నప్పుడే నీళ్ళకి రంగు వచ్చేది. ఇక మైదాపూతకి ఏం వస్తుందో ఊహించడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు. భార్యకి చెబుదామనుకున్నాడు. చెబితే ఆమె వెంటనే పైకి వచ్చి తల్లిని నిలదీస్తుంది. ఆవిడ ఏడుస్తారు. ఆ ఏడుపు కింద కూర్చున్న డాక్టరమ్మకి వినబడుతుంది. అత్తగారు మాత్రం ఏం చేశారు పాపం, ఇంటి మర్యాద నిలబెడదామనుకున్నారు. చెప్పకూడదు. చెప్పకుండా ఆపాలి.

కిందికి వచ్చేసరికి డాక్టరమ్మ చల్లపెట్టె తెరిచి గొట్టాలు బల్ల మీద వరసగా పెడుతున్నారు. వాటి మీద అంకెలు తప్ప ఇంకేమీ లేవు.

"మీ పరీక్షలో నీళ్ళకి కూడా రంగు వస్తుందని విన్నాను" అన్నారావిడ సూటిగా. "అందుకని వీటిలో రెండు గొట్టాల్లో నీళ్ళే పోసి తెచ్చాను. ఏవో నాకు తెలుసు, మీకు తెలీదు. మొదలుపెడదామా?"

"మేడం, ఇవాళ మీకు తొందరేమైనా ఉంటే ఇంకో రోజు..."

"నాకు తొందర లేదు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. టీ కూడా బాగుంది."

"బోలెడు మిగిలిందండీ" అన్నారు మెట్ల మీంచి అత్తగారు.

భార్య ప్లేటు కడిగి తెచ్చి బల్ల మీద పెట్టింది. అల్లుడు ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా అతని వైపు చూడలేదు. డాక్టరమ్మ కళ్ళ ముందే అతను గొట్టాల్లోవి గుంటల్లో పోశాడు. ఇక ప్లేటుని పక్కగదిలోని వెచ్చపెట్టెలో పెట్టాలి. రెండు గదుల మధ్య చిన్న గడప ఉంది. ఆ గడపని చూడగానే అల్లుడికి ఆలోచన వచ్చింది. తప్పు ఫలితం వస్తే ఆ మాట నాలుగు ఆసుపత్రులకీ పాకుతుంది. అదే ప్లేటు కిందపడి పాడైతే అది ప్రమాదం. ప్రమాదం ఎవరికైనా జరుగుతుంది, జాలిపడి ఇంకో రోజు రమ్మంటారు. కాలు తట్టుకుని పడితే సరి.

జీవితంలో ఎన్నోసార్లు అనుకోకుండా పడ్డాడు కానీ అనుకుని పడటం అతనికి అదే మొదటిసారి. ప్లేటు రెండు చేతులతో పట్టుకుని, గడప దగ్గరికి వచ్చి, కళ్ళు మూసుకుని, బొటనవేలు గట్టిగా తన్ని ముందుకి పడ్డాడు.

నేల రాలేదు. మెత్తగా, వెచ్చగా, కాస్త జిగురుగా ఏదో తగిలింది. పళ్ళు తోమే హడావిడిలో పట్టపురాణిని మళ్ళీ కట్టేయడం మామగారు మరిచిపోయారు. అది మైదా జాడ వెతుక్కుంటూ వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చి, సరిగ్గా గడప అవతల అడ్డంగా నిలబడి ఉంది. అల్లుడు దాని నడుం మీద బోర్లా పడ్డాడు. చేతులు అవతలి వైపు చాచి ఉన్నాయి. చేతుల్లో ప్లేటు బల్ల మీద పెట్టినంత సమంగా ఉంది.

"అబ్బ!" అన్నారు డాక్టరమ్మ లేచి నిలబడి. "మనిషి పడ్డాడు కానీ ఒక్క చుక్క ఒలకలేదే! ఇంత జాగ్రత్తగా పనిచేసేవాళ్ళని నేనెక్కడా చూడలేదు."

"మా అల్లుడుగారు అంతేనండీ" అన్నారు మామగారు గర్వంగా, గొర్రెని వెనక్కి లాగుతూ. అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ.

ఇక చేసేదేమీ లేక అతను పరీక్ష కొనసాగించాడు. కడిగాడు, పట్టపురాణి యాంటీబాడీ పోశాడు, ఆగాడు, మళ్ళీ కడిగాడు, రంగు యాంటీబాడీ పోశాడు. మధ్యలో డాక్టరమ్మ ఇంకో రెండు కప్పుల టీ తాగారు, మామగారితో గొర్రెల గురించి మాట్లాడారు. తలుపు వెనక తెల్లకోటు ఒక్కటే వేలాడుతోంది. జిగురు పట్టిన టైరు కోటు పెరట్లో తీగ మీద ఆరుతోంది. ఆరాక అదే తన కోటని అల్లుడు మనసులో ఒప్పేసుకున్నాడు. ఏడేళ్ళ చదువు, అయిదేళ్ళ ల్యాబు, అన్నిటికీ కలిపి ఒకేసారి దిగులు కమ్ముకొచ్చింది. తనకి ఈ గుంటల ప్లేట్లంటే ఎంత ఇష్టమో అతనికి ఆ రోజే తెలిసింది.

చివరి మందు పోశాడు. గుంటలు ఒక్కొక్కటీ నీలంగా మారసాగాయి. రంగు మారడాన్ని ఆపే యాసిడ్ వేయగానే నీలం పోయి పసుపు వచ్చింది. కొన్ని ముదురు పసుపు, కొన్ని లేత పసుపు. నలుగురూ ప్లేటు మీదికి వంగారు. అత్తగారు మెట్ల మీంచి దిగి వచ్చి అయిదో తల చేర్చారు.

మూడో గొట్టానిదీ, ఎనిమిదో గొట్టానిదీ ఏ రంగూ లేకుండా, అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి.

"మూడు, ఎనిమిది" అన్నారు డాక్టరమ్మ. "నేను నీళ్ళు పోసినవి అవే. మిగతావి కూడా మా దగ్గరున్న లెక్కలకి సరిపోయేలా ఉన్నాయి. బాగుందండీ."

"లేదు మేడం" అన్నాడు అల్లుడు.

"ఏం లేదు?"

"ఇది తప్పు. నీళ్ళకి రంగు రావాలి."

"నీళ్ళకి రంగెందుకు రావాలి?"

"మా దగ్గర వస్తుందండీ. ఆరు నెలలుగా వస్తోంది. ఎక్కడో పొరపాటు జరిగింది. దయచేసి నమ్మకండి."

కిట్లు అమ్ముకునేవాళ్ళు తమ కిట్టుని నమ్మవద్దని బతిమాలడం డాక్టరమ్మ తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ప్లేటుకి పూత దేంతో వేశారు?"

అల్లుడు అత్తగారి వైపు ఒకసారి క్షమించమన్నట్టు చూసి, కళ్ళు దించుకుని చెప్పేశాడు.

"మైదాతో."

"మైదా ఏంటి?" అంది భార్య తుమ్మబోయి ఆగి. "అది మైదానా? పాలపొడి పాడైందనుకుని నేను పారేశాను. పూత వేసింది గుడ్డు తెల్లసొనతో!"

"పారేశావా? ఎక్కడ?" అన్నారు మామగారు.

"వెనక బకెట్లో."

మామగారు నెమ్మదిగా పెరటి వైపు తిరిగి, తన రోగిని చూశారు. రోగి గడ్డి నములుతోంది. "అయితే విషం కాదన్నమాట" అని గొణిగారు.

"విషమా? పళ్ళు తోముతున్నామన్నారు?" అన్నారు డాక్టరమ్మ.

ఆ తర్వాత కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. విరిగిన పాలు, డబ్బా, మూత, గుడ్లు, బకెట్టు, గడప, అన్నీ బయటికి వచ్చాయి. గడప సంగతి చెప్పాల్సిన అవసరం లేకపోయినా అల్లుడు అదీ చెప్పేశాడు. ఒక్కసారి నిజం చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో అతనికి తెలియదు. చెబుతూ చెబుతూనే మధ్యలో ఆగిపోయాడు. అతని కళ్ళు అల్మారాలోని డబ్బా మీద నిలిచిపోయాయి.

"పాలు" అన్నాడు. "అవి ఆవు పాలు."

"అవును బాబూ, మరి దేనివి?" అన్నారు అత్తగారు.

"ఆవు పాలలో ఆవు యాంటీబాడీలు ఉంటాయి. మా రంగు యాంటీబాడీ గొర్రెవి ఎక్కడున్నా పట్టుకోవడానికి తయారైంది. ఆవూ గొర్రే దగ్గర చుట్టాలు. అది ఆవువాటిని కూడా గొర్రెవే అనుకుని పట్టేసుకుంటోంది. ప్లేటంతా నేనే పాలు పూసి, నేనే దానికి చుట్టాలను పరిచయం చేసి, పైగా..."

మాస్టారు నేర్పింది తప్పు కాదు. మాస్టారు జీవితమంతా కుందేలు యాంటీబాడీలతో పనిచేశారు. కుందేలుకీ ఆవుకీ చుట్టరికం లేదు కాబట్టి ఆయనకి ఏనాడూ ఇబ్బంది రాలేదు. గొర్రె వచ్చాక కూడా అల్లుడు అదే పాలు పట్టుకుని వేలాడాడు. అన్నిటినీ అనుమానించి, పాలని ఒక్కదాన్నే అనుమానించలేదు.

"నేను చెప్పలేదూ?" అన్నారు మామగారు. గెలిచినవాడి గొంతు కాదది. ఆరు నెలలు ఆయన ఆ మాట కోసం ఎంత ఎదురుచూశారో అందరికీ అర్థమైంది. "నా గొర్రె అబద్ధం ఆడదని చెప్పలేదూ?"

అల్లుడు పెరట్లోకి నడిచాడు. పట్టపురాణి ఎదుట గొంతుక్కూర్చున్నాడు. సిగ్గుగా ఉంది, సంతోషంగా కూడా ఉంది, రెండిట్లో ఏది ఎక్కువో తేలలేదు.

"తప్పు నాదే" అన్నాడు. "ఇంకెప్పుడూ నిన్నేమీ అనను."

పట్టపురాణి అతని చెయ్యి వాసన చూసి, మైదా లేదని గ్రహించి, అవతలికి తిరిగింది. "క్షమించింది" అన్నారు మామగారు.

డాక్టరమ్మ పెట్టె సర్దుకుంటూ, ఇదే ఫలితం ఇంకో మూడుసార్లు చూపిస్తే నాలుగు ఆసుపత్రులకీ కిట్లు తీసుకుంటామన్నారు. తెల్లసొన ప్రతిసారీ ఒకేలా ఉండాలన్నారు. తన ఫలితాన్ని తనే తప్పంటూ వాదించే మనిషి దగ్గర కొనడానికి తనకి భయం లేదని కూడా అన్నారు. వెళ్ళే ముందు అత్తగారి దగ్గర టీ ఎలా కలుపుతారో అడిగి తెలుసుకున్నారు. తర్వాతి వారాల్లో పరీక్ష మూడుసార్లు జరిగింది, మూడుసార్లూ నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. బావమరిది మాత్రం కొంచెం నొచ్చుకున్నాడు. కోటు వృథా కాలేదని, వానాకాలంలో పట్టపురాణి అదే కప్పుకుంటోందని, కొలత కూడా బాగా సరిపోయిందని బావ ఫోను చేసి చెప్పాక తేరుకున్నాడు.

ఆ విజయం ఎవరిదన్న సంగతి మాత్రం ఇప్పటికీ భోజనాల దగ్గర తేలలేదు. గొర్రె తనది కాబట్టి తనదేనని మామగారంటారు. గుడ్డు తనది కాబట్టి తనదని భార్య అంటుంది. ఆ రోజు తాను పాలపొడి తీయకపోతే మీరంతా ఇంకా నీళ్ళకి వైద్యం చేస్తూ ఉండేవాళ్ళని అత్తగారు అంటారు. అల్లుడు ఎవరితోనూ వాదించడు. భోజనం ముగించి కిందికి పోయి పని చూసుకుంటాడు.

అల్మారాలో డబ్బా ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీది పాత అక్షరాలు కొట్టేసి, అదే ఎర్ర సిరాతో అతనే కొత్తగా రాశాడు: 'టీకి మాత్రమే. ప్రయోగానికి వాడరాదు.'